డిజిటల్ రేడియో కొనాలా, నెట్‌లోనే వినాలా: పరకాల మామ కోసం వేసిన లెక్క

పరకాలలో ఉండే మా మేనమామ రేడియో మూగబోయింది. సెల్స్ మార్చి చూశాడు, నెత్తి మీద రెండు చరిచి చూశాడు, పలకలేదు. నాకు ఫోన్ చేశాడు. "అల్లుడా, ఇప్పుడు డిజిటల్ రేడియో అని వచ్చిందట గద. వరంగల్ల దొరుకుతదేమో, ఒకటి పట్కరా. ఎంతైనా ఇస్త." ఆయన నోట "ఎంతైనా" అన్న మాట వినడం నాకు అదే మొదటిసారి. మరుసటి రోజే వరంగల్ చౌరస్తాకు పోయాను.

షాపతను అద్దాల బీరువాలోంచి ఒక సెట్ తీసి ఆన్ చేశాడు. చిన్న తెర మీద ఎర్రగా 103.5 అని వెలిగింది, ఆకాశవాణి వరంగల్ పలికింది. "ఇది డిజిటలేనా అన్నా?" అని అడిగాను. "ఇగో, నంబర్లు కనబడ్తున్నయ్ గద సార్" అన్నాడు. ధర 1,200. లోపల ఉన్నది మామూలు ఎఫ్‌ఎం. పాత సెట్లో ముల్లు జరిగే చోట దీనిలో అంకెలు మారతాయి, తేడా అంతే.

అతను మోసం చేద్దామని చెప్పిన మాట కాదది. డిజిటల్ రేడియో అంటే మన దగ్గర మూడు రకాలుగా వాడుతున్నారు. మొదటిది ఈ అంకెల తెర. రెండోది ఆన్‌లైన్ షాపుల్లో కనిపించే డీఏబీ (డిజిటల్ ఆడియో బ్రాడ్‌కాస్టింగ్) సెట్లు. చూడటానికి చెక్కపెట్టెలా ముద్దుగా ఉంటాయి, అట్టపెట్టె మీద డిజిటల్ రేడియో అని రాసి ఉంటుంది, అది నిజం కూడా. కాకపోతే అది యూరప్ పద్ధతి, బ్రిటన్‌లో బీబీసీ 1995లోనే మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పద్ధతిలో రోజువారీ ప్రసారాలు లేవు. ఇక్కడికి తెచ్చి ఆన్ చేస్తే అందులో పనిచేసేది ఎఫ్‌ఎం ఒక్కటే, అంటే వేలు పోసి మళ్లీ అదే 103.5 వింటాం. మూడోది డీఆర్‌ఎం, అంటే డిజిటల్ రేడియో మాండియాల్, పాత రేడియో బ్యాండ్ల మీదే డిజిటల్‌గా పంపే పద్ధతి. ఆకాశవాణి ఎంచుకున్నది దీన్నే. నెట్‌తో పోల్చి చూడాల్సింది ఈ మూడోదాన్నే, మిగతా రెండింటినీ పక్కన పెట్టేయొచ్చు.

ఆ రోజు ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాను. మామకు "ఆగు మామా, కనుక్కుంట" అని చెప్పాను. ఇంతలో ఆయన కొడుకు, మా బావమరిది, కొత్త కారు చూస్తున్నాడు. ఇంట్లో ఒకరికి రేడియో సెట్, ఒకరికి కారు స్టీరియో. అడిగిన ప్రశ్న ఒకటే అయినా ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను.

హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయే దారిలో 103.5 పెట్టుకుని చూడండి. జనగామ దాటాక గొంతు పలచబడుతుంది, ఆలేరు దగ్గర ఇసుక జల్లినట్టు చప్పుడు మొదలవుతుంది, భువనగిరి వచ్చేసరికి హైదరాబాద్ 101.9, 102.8 గట్టిగా అందుకుంటాయి. మామూలు రేడియో ఇట్లా మెల్లమెల్లగా దూరమవుతుంది. గరగరలో కూడా మాట తెలుస్తూనే ఉంటుంది, ఏరియల్ అటూ ఇటూ తిప్పితే ఇంకొంచెం సేపు పట్టుకోవచ్చు. డిజిటల్‌లో ఈ మధ్య దశ లేదు. సిగ్నల్ చాలినంత ఉన్నంతసేపూ మనిషి పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది, ఒక్క మెట్టు కింద పడితే టక్కున ఆగిపోతుంది. ఊరి చివర, సిగ్నల్ అంచున ఉన్నవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. బ్రోచర్లలో మొదటి సగమే రాస్తారు.

డీఆర్‌ఎంలో మంచి లేదని కాదు. మీడియం వేవ్ అంటేనే మనకు గుర్తొచ్చేది గరగర. అదే మీడియం వేవ్ మీద డీఆర్‌ఎం పంపిస్తే ధ్వని ఎఫ్‌ఎంకు దగ్గరగా వస్తుంది, ఒకే ట్రాన్స్‌మిటర్ మీద ఒకటికి మించి కార్యక్రమాలు పంపొచ్చు, వాటితోపాటు స్టేషన్ పేరు, వార్తల అక్షరాలు కూడా తెర మీదికి వస్తాయి. ప్రసారం చేసేవాళ్లకు కరెంటు బిల్లు తగ్గుతుంది. పైగా మీడియం వేవ్ ఎఫ్‌ఎంలాగా కనుచూపు మేరకే ఆగదు, నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతుంది. ఆకాశవాణికి దేశంలో మీడియం వేవ్ మీద 35 దాకా డీఆర్‌ఎం ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. మనకు దగ్గరిది హైదరాబాద్‌ది, 738 కిలోహెర్ట్జ్, 200 కిలోవాట్లు. అటువైపు విజయవాడది 837. వరంగల్ హైదరాబాద్‌కు 140 కిలోమీటర్లు. ఇంత పెద్ద ట్రాన్స్‌మిటర్‌కు అది దూరమే కాదు.

చిక్కంతా వినే సెట్ దగ్గర. డీఆర్‌ఎం సెట్ చౌరస్తా షాపుల్లో దొరకదు, అడిగితే మళ్లీ అంకెల తెరే చూపిస్తారు. విడిగా అమ్మే సెట్లు అరుదు, దొరికినా ధర మామూలు ఎఫ్‌ఎం సెట్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది. పదేళ్లకు పైగా ట్రాన్స్‌మిటర్లు ఉన్నా సెట్లు చవకగా రాలేదు. సెట్లు లేవు కాబట్టి వినేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు కాబట్టి సెట్లు తయారు చేసేవాళ్లు ముందుకు రారు. దీనికితోడు ఇప్పటి ఇళ్లు మీడియం వేవ్‌కు పనికొచ్చేలా లేవు. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్ అన్నీ ఆ బ్యాండ్ మీద రొద చేస్తాయి. మా మామ పాత సెట్లో మీడియం వేవ్ పెట్టినప్పుడు వాకిట్లో ట్యూబ్‌లైట్ వేస్తే ఎంత గుర్రుమనేదో ఇంట్లో అందరికీ తెలుసు. డిజిటల్ సెట్లో ఆ గుర్రు వినపడదు. దాని బదులు మాట తెగిపోతుంది.

మామకైతే జవాబు అప్పుడే తేలిపోయింది: డీఆర్‌ఎం సెట్ వద్దు. బావమరిది సంగతి వేరు. మారుతి, హ్యుందాయ్, మహీంద్రా లాంటి కంపెనీల కార్లలో కొన్ని మోడళ్లకు స్టీరియోలోనే డీఆర్‌ఎం వస్తోంది, ఇప్పటికే లక్షల కార్లలో ఉంది. దానికి విడిగా డబ్బు కట్టే పని లేదు. ఉన్న సంగతి కారు కొన్నవాళ్లకు తెలియదు, అమ్మేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. షోరూంలో మేం అడిగితే ఆ అబ్బాయి తెర మీద అటూ ఇటూ వెతికి, "అది ఏఎంలో వస్తది సార్, ఎవరూ వాడరు" అన్నాడు. సగం నిజమే చెప్పాడు. ఆకాశవాణి డీఆర్‌ఎం ఉండేది ఏఎం వైపే, అంటే మీడియం వేవ్ మీదే. కారు చూడటానికి పోయినప్పుడు ఏఎం బ్యాండ్‌కు వెళ్లి 738, దాని పక్క నంబర్లు పెట్టి, డీఆర్‌ఎం గుర్తు వస్తుందో లేదో రెండు నిమిషాలు చూడండి. వస్తే మంచిదే. రాకపోతే దానికోసం పై మోడల్‌కు పోవద్దు. ఆ డబ్బుతో మంచి టైర్లు వస్తాయి.

డిజిటల్ రేడియో ముందుముందు పెరుగుతుందా అంటే, కాగితాల మీద కదలిక ఉంది. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో ఒకసారి దీని మీద సిఫార్సులు ఇచ్చింది. మళ్లీ 2025 అక్టోబరులో ప్రైవేటు స్టేషన్ల కోసం డిజిటల్ విధానం ఎట్లా ఉండాలో చెప్పింది. మొదట 13 పెద్ద నగరాల్లో మొదలుపెట్టమంది. మన వైపు నుంచి అందులో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే, వరంగల్ లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇప్పటి ఎఫ్‌ఎం నడుస్తూనే ఉండాలి, దాని పక్కనే మూడు డిజిటల్ చానళ్లు, డాటాకు ఒక చానల్ రావాలి అన్నది అందులోని ప్లాన్. దేశమంతటికీ ఒకే టెక్నాలజీ ఉండాలని కూడా చెప్పింది, కానీ డీఆర్‌ఎమ్మా, అమెరికా వాళ్ల హెచ్‌డీ రేడియోనా అన్నది ప్రభుత్వం తేల్చాలి. ఎఫ్‌ఎం బ్యాండ్ మీద ఈ రెండింటికీ పోటీ ఉంది. పెళ్లి ఖాయమే, పిల్ల ఎవరో తేలలేదు అన్నట్టుంది. అటువంటప్పుడు కట్నం కింద ముందే సెట్ కొని పెట్టుకోవడం ఎందుకు?

ఇంకో మాట. మనం డిజిటల్ గురించి మాట్లాడుకుంటున్నాం గానీ ఉత్తర తెలంగాణలో ప్రైవేటు ఎఫ్‌ఎమ్మే ఇంకా పూర్తిగా రాలేదు. 234 కొత్త పట్టణాల్లో 730 చానళ్లను వేలం వేయడానికి కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఒప్పుకుంది. ఆ జాబితాలో ఆదిలాబాద్, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్, రామగుండం ఉన్నాయి. అటువైపు నార్వే 2017లో జాతీయ ఎఫ్‌ఎం ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కు మారిపోయింది. స్విట్జర్లాండ్ ప్రభుత్వ రేడియో 2024 డిసెంబర్ 31న ఎఫ్‌ఎం ఆపింది, ఆపాక వినేవాళ్లు తగ్గారు. వాళ్లు ఎఫ్‌ఎం మూసేస్తున్న రోజుల్లో మంచిర్యాలకు ప్రైవేటు ఎఫ్‌ఎం రావాలని చూస్తున్నాం. అందువల్ల ఎఫ్‌ఎం సెట్ కొంటే రెండేళ్లలో పనికిరాకుండా పోతుందేమో అన్న టెన్షన్ ఇక్కడ అక్కర్లేదు.

ఇటువంటి వాటిలో తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2000 తర్వాత వరల్డ్‌స్పేస్ అని శాటిలైట్ రేడియో ఉండేది. ఏషియాస్టార్ ఉపగ్రహం నుంచి నేరుగా కిటికీలో పెట్టుకున్న చిన్న యాంటెన్నాకు వచ్చేది. ప్రకటనల గోల తక్కువ, ధ్వని తేటగా ఉండేది, తెలుగుకు స్పందన అని ఒక చానల్ కూడా నడిచింది. దాని చందాదారుల్లో ఎక్కువమంది మన దేశంవాళ్లే. 2008 అక్టోబరులో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబర్ 31తో ఇక్కడ ప్రసారాలు ఆగిపోయాయి. మర్నాటి నుంచి ఆ సెట్లు అలంకారానికి కూడా పనికిరాలేదు. వాటిలో ఏ రిపేరూ లేదు. పంపేవాళ్లే లేరు.

నేను ఏ వినికిడి సాధనాన్నైనా ఇప్పుడు ఈ ఒక్క ప్రశ్నతోనే చూస్తున్నాను: పంపేవాడు రేపు దుకాణం కట్టేస్తే నా చేతిలో ఏం మిగులుతుంది? నెట్‌లో వినిపించేవాళ్లు కూడా కట్టేస్తారు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది, ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ మ్యూజిక్ కూడా అదే ఏడాది పోయింది. గుర్తు పెట్టుకున్న పాటల జాబితా పోతుంది, తిట్టుకుంటాం, ఇంకో యాప్ వేసుకుంటాం. ఫోన్ మాత్రం ఫోన్‌లాగే ఉంటుంది. డిజిటల్ రేడియో సెట్‌కు ఆ వెసులుబాటు లేదు, ఒక్క పద్ధతికి తాళి కట్టినట్టే. 1,200 ఎఫ్‌ఎం సెట్ అయితే పోయినా 1,200తోనే పోతుంది.

నెట్ వైపు వద్దాం. నేను రోజూ వినేది దీంట్లోనే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటే క్షమించాలి. ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశమంతటి ఆకాశవాణి కేంద్రాలు 200కు పైగా ఉన్నాయి. 2024 నవంబర్‌లో వచ్చిన వేవ్స్ యాప్‌లో కూడా రేడియో ఉంది. పొద్దున హన్మకొండలో కూర్చుని విజయవాడ వినొచ్చు, సాయంత్రం ధార్వాడ సంగీతం వినొచ్చు. దుబాయ్‌లో, మస్కట్‌లో పనిచేసే మన కరీంనగర్, జగిత్యాల పిల్లలకు తెలుగు ఆకాశవాణి చేరే దారి కూడా నెట్టే, 738 అక్కడిదాకా పోదు. దీనిమీద పాడ్‌కాస్టులు, పాటల యాప్‌లు, తెలుగు కథలు చదివి వినిపించేవి వేరే. ఎంపికలో రేడియో దీనికి సాటి రాదు, ఆ విషయంలో వాదన అనవసరం.

ఖర్చు ఎక్కువనుకుంటారు గానీ లెక్క వేస్తే అంత కాదు. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారం గంటకు 29 ఎంబీ తింటుంది. 128 అయితే 58. రోజుకు మూడు గంటలు 64లో వింటే నెలకు 2.6 జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాక్ ఉన్నవాడికి ఇది లెక్కలోకి రాదు. మోసపోయేది ఎక్కడంటే, పాట వినడానికి వీడియో యాప్ తెరిచి ఫోన్ బోర్లా పెట్టే చోట. తెర చూడకపోయినా బొమ్మ దిగుతూనే ఉంటుంది, దానికి ఆడియోకు పట్టే దానికంటే ఎన్నో రెట్లు డాటా పోతుంది. మా ఇంట్లో మధ్యాహ్నానికే డాటా అయిపోవడానికి కారణం మూడు నెలల తర్వాత కనిపెట్టాను. భక్తి పాటలు.

ఇంకో చిన్న ఇబ్బంది. నెట్‌లో వచ్చే లైవ్ రేడియో ఆలస్యంగా వస్తుంది. ఎఫ్‌ఎం సెట్, ఫోన్ పక్కపక్కన పెట్టి ఒకే స్టేషన్ పెడితే సెట్లో గంట కొట్టిన చాలాసేపటికి ఫోన్‌లో కొడుతుంది, ఒక్కోసారి అర నిమిషం కూడా దాటుతుంది. వార్తలకు ఫర్వాలేదు. క్రికెట్ కామెంటరీకి మాత్రం ఘోరం, పక్కింటివాళ్ల కేకతోనే వికెట్ పడిందని తెలిసిపోతుంది. రేడియో విని చేతి గడియారం సరిచేసుకునే మా మామ లాంటివాళ్లకు ఇది అసలు మింగుడుపడదు.

నెట్ ఎక్కడ చేతులెత్తేస్తుందో ములుగు దారిలో పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్లాక పాట మధ్యలో తెగి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మేడారం జాతరలో ఇంకో రకం అవస్థ. టవర్లు ఉంటాయి, అదనంగా కూడా పెడతారు, కానీ లక్షల ఫోన్లు ఒక్కచోట చేరేసరికి తప్పిపోయిన పిల్లవాడి కోసం కాల్ కలవడమే గగనం, ఆడియో సంగతి ఎవరికి పట్టింది? రేడియోకు ఆ బాధ లేదు. పదిమంది విన్నా పది లక్షల మంది విన్నా ట్రాన్స్‌మిటర్‌కు ఒకటే బరువు. నెట్‌లో ఒక్కొక్క శ్రోతకూ ఒక్కొక్క తీగ వేసినట్టు విడిగా పంపాలి.

2023 జులై 27ను మా వైపు ఎవరూ మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కారు. వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అటువంటి రాత్రి కరెంటు పోతుంది, టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే ఆగుతాయి, ఫోన్ చార్జింగ్‌ను కాల్ కోసం దాచుకోవాలి. రెండు సెల్స్ వేసిన చిన్న సెట్ రోజుల తరబడి పలుకుతుంది. రేడియో వైపు మాట్లాడేవాళ్లందరూ చెప్పే వాదన ఇది, నేనూ ఒప్పుకుంటాను. కానీ సెట్ పలికితే సరిపోదు, అవతల మన వాగు సంగతి చెప్పే మనిషి ఉండాలి. 2023 ఏప్రిల్‌లో దేశంలో ఒకేసారి 91 చోట్ల 100 వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలుపెట్టారు. మంచిదే, కానీ రిలే కేంద్రం వేరే ఊరి మాటను తెచ్చి వినిపిస్తుంది, ఏ వంతెన మీద నీళ్లున్నాయో అది చెప్పలేదు. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతే లేదు, ఆకాశవాణి వార్తలను యథాతథంగా ఇవ్వాల్సిందే. కొంత సొంతంగా చెప్పనివ్వాలని ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. డిజిటలా అనలాగా అన్న గొడవ కంటే ఈ అనుమతి నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

మధ్యేమార్గం ఒకటి మన జేబులోనే ఉంది, చాలామంది వాడరు. కొన్ని ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంటుంది. దానికి సిమ్ అక్కర్లేదు, డాటా అక్కర్లేదు, తాడ్వాయిలోనూ ఎంత సిగ్నల్ ఉంటే అంత పడుతుంది. 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్‌ఎం తీసేయొద్దని కంపెనీలకు సూచన కూడా చేసింది. కొనేటప్పుడు రెండు చూడాలి: ఎఫ్‌ఎం యాప్ ఉందా, ఇయర్‌ఫోన్ గుచ్చే గుండ్రటి రంధ్రం ఉందా. ఆ వైరే ఏరియల్. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఎఫ్‌ఎం రావట్లేదని తిట్టుకునేవాళ్లను చూశాను. వైరు గుచ్చి, పాట మాత్రం స్పీకర్‌లోకి మళ్లించుకోవచ్చు.

టీవీకి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్నవాళ్లకు ఇంకోటి. ఆ డబ్బాలోనే ఆకాశవాణి చానళ్లు నలభైకి పైగా ఉచితంగా వస్తాయి, తెలుగు కూడా ఉంది. రిమోట్‌లో రేడియో బటన్ నొక్కితే చాలు. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకు, ముఖ్యంగా వంటగదిలో పని చేసుకుంటూ వినేవాళ్లకు, పైసా ఖర్చు లేని డిజిటల్ రేడియో ఇదే. దీన్ని ఎవరూ డిజిటల్ రేడియో అని పిలవరు.

ఇక పొలం దగ్గర జనం నిజంగా వాడేది ఏమిటో చూడాలంటే పత్తి ఏరే రోజుల్లో ఏ చేనుకైనా పొండి. గట్టు మీద చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంటుంది, అందులో మెమరీ కార్డు, ఎఫ్‌ఎం రెండూ ఉంటాయి. నెట్ ఉంటే ఫోన్ నుంచి, లేకపోతే కార్డు నుంచి, రెండూ విసుగొస్తే ఎఫ్‌ఎం. మామకు మొదట ఇదే కొందామనుకున్నాను. చేతికి తీసుకుని చూస్తే రెండు లోపాలు కనిపించాయి. బయటికి లాగే ఏరియల్ లేదు, చార్జింగ్ వైరే ఏరియల్ కింద పనిచేయాలి, పరకాలలో అది చాలదు. రెండోది, స్టేషన్ మనం ఎంచుకోలేం. బటన్ నొక్కితే అదే వెతుక్కుని తనకు దొరికిన వాటిని వరుసగా పెట్టుకుంటుంది, ఒక్కోసారి గరగరను కూడా స్టేషన్ అనుకుంటుంది. కుర్రాళ్లకు ఫర్వాలేదు. తెల్లవారుజామున చీకట్లో తడుముకుంటూ ఆన్ చేసే మనిషికి పనికిరాదు.

మామకు స్మార్ట్‌ఫోన్ లేక కాదు. ఉంది, అందులో న్యూస్ ఆన్ ఎయిర్ నేనే వేసి ఇచ్చాను. మూడు రోజులు విన్నాడు. నాలుగో రోజు ఎనుమాముల మార్కెట్ మిర్చి ధర వింటుండగా బ్యాంకు లోన్ కావాలా అని ఎవరో ఫోన్ చేశారు. కాల్ అయ్యేసరికి ధర అయిపోయింది. "ఇది వద్దు బిడ్డా, దీన్ల మధ్యల మనుషులొస్తరు" అన్నాడు. ఎరువు కలిపిన చేతులతో తెర ముట్టుకోవడం ఇంకో తంటా. బటన్‌కు, తిప్పే బిళ్లకు మట్టి చేయి అడ్డం కాదు.

అందుకని ఇంట్లో చివరికి ఇట్లా తేలింది. బావమరిది కారులో డీఆర్‌ఎం వచ్చింది కాబట్టి ఉంది, దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టలేదు, ఆయన ఇప్పటిదాకా ఆ వైపు పోనూ లేదు, బ్లూటూత్‌లో ఫోన్ పాటలే. నేను నెట్. హన్మకొండలో ఉండి, రోజూ ఫోన్ చార్జ్ చేసుకునేవాళ్లు ఇంకోదానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు, కానీ వానాకాలానికి ముందు రెండు సెల్స్‌తో నడిచే చిన్న ఎఫ్‌ఎం సెట్ ఒకటి కొని ఇంట్లో పడేసుకోండి, సెల్స్ విడిగా పెట్టండి, లోపలే ఉంచితే కారి పాడవుతాయి. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఉండేవాళ్లయితే వరస తిప్పండి: ముందు సెట్, తర్వాత ఫోన్. ఆ సెట్‌లో మీడియం వేవ్ కూడా ఉండేలా చూసుకోండి, అడవి వెనుక ఎఫ్‌ఎం అందని చోట కూడా అది అందే అవకాశం ఉంది. డీఆర్‌ఎం విడి సెట్ ఎవరికీ చెప్పను, ఏ పద్ధతో తేలి, చౌరస్తా షాపుల్లో రెండు వేలకు దొరికే రోజు దాకా.

మామకు మళ్లీ అదే షాపుకు పోయి అదే సెట్ తెచ్చాను. లాగితే మూరెడు ఏరియల్, కరెంటు మీదా సెల్స్ మీదా నడుస్తుంది, ఎఫ్‌ఎం, మీడియం వేవ్ రెండూ ఉన్నాయి, స్టేషన్లు గుర్తుపెట్టుకునే బటన్లు ఐదు. షాపతను వంద తగ్గించాడు. రెండో బటన్‌లో 103.5 పెట్టి ఇచ్చాను. మామ కళ్లద్దాలు లేకుండా ఆ బటన్ దొరకట్లేదంటే మా అత్త తన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి తీసి దాని మీద అంటించింది.